సెంట్లా, గుంటలా? – అంకె పక్కన ఉండవలసిన మాట



ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని మన కార్యదర్శి గారు కోరినప్పుడు మొదట కొంత సంకోచించాను. డి.ఆర్. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటే బాగా తెలిసినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసిందల్లా రిజిస్టర్లు, స్టేట్‌మెంట్లు, వాటిలోని అంకెలు. కనుక అంకెల గురించే రాస్తున్నాను. అంకె పక్కన ఉండవలసిన చిన్న మాట జారిపోతే ఎంత అనర్థం జరుగుతుందో, ఆ మాటను కంప్యూటరు చేత కూడా అడిగించడానికి విజ్ఞులు ఎన్నేళ్ళు శ్రమపడ్డారో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1978వ సంవత్సరం. హైదరాబాదులో ఒక కార్యాలయంలో గుమాస్తాగా పని చేస్తున్నాను. భూసేకరణ నష్టపరిహారం గురించి జిల్లాల నుండి వచ్చిన వివరాలను కలిపి ఒకే స్టేట్‌మెంటు తయారు చేయడం నా సీటు పని. నేను కృష్ణా జిల్లా వాడిని. మా వైపు పొలం అంటే ఎకరాలు, సెంట్లు. తెలంగాణ జిల్లా నుండి వచ్చిన ఒక కాగితంలో ఒకే రైతుకు చెందిన మూడు సర్వే నంబర్ల విస్తీర్ణం 1.25, 2.30, 0.35 అని ఉంది. చేతితో తిప్పే ఫెసిట్ లెక్కల యంత్రం మీద కూడాను. 3.90 వచ్చింది. అదే వేసి, టైపు చేయించి, సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన నల్లగొండ వైపు వారు. కళ్ళజోడు పైకి జరుపుకుని ఆ వరుస మీద వేలు పెట్టి, "ఏమయ్యా, ఇవి సెంట్లా, గుంటలా?" అని అడిగారు.

"కూడిక రెండుసార్లు సరిచూశానండి" అన్నాను.

"కూడిక సంగతి నేనడుగుతలేను. ఏం కూడినవో చెప్పు" అన్నారు.

అప్పుడు గాని నాకు తెలియలేదు. ఎకరానికి సెంట్లు 100, గుంటలు మాత్రం 40. ఆ చుక్క తరువాత ఉన్నవి గుంటలు. 25, 30, 35 కలిపితే 90 గుంటలు, అంటే 2 ఎకరాల 10 గుంటలు. దానికి ముందున్న 3 ఎకరాలు చేరిస్తే మొత్తం 5 ఎకరాల 10 గుంటలు. మా లెక్కలో చెప్పాలంటే 5 ఎకరాల 25 సెంట్లు. నేను వేసింది 3 ఎకరాల 90 సెంట్లు. ఎన్నడూ ముఖం చూడని ఒక రైతుకు ఎకరం 35 సెంట్ల పరిహారం నా కలం కింద పోయి ఉండేది. యంత్రం తప్పు చేయలేదు. అంకెలు అడిగితే అంకెలు కూడి ఇచ్చింది. అవి ఏమిటో దానికి తెలియదు, తెలుసుకోవలసిన నేను అడగలేదు.

ఆ ప్రశ్న నన్ను సర్వీసంతా వెంటాడింది. రిటైరైన తరువాత చదువుకుంటూ పోతే, అదే ప్రశ్న అడగని కారణంగా ఆకాశంలో విమానం ఆగిపోయిందనీ, అంగారకుడి దాకా వెళ్ళిన నౌక నాశనమైందనీ తెలిసింది.

ఒకే పేరు, వేరు వేరు తూకాలు

మన పెద్దల కాలంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ధాన్యానికి సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి. తూకానికి తులం, పలం, వీశ, మణుగు. ఈ పేర్లు మన తరం వారికి ఇంకా గుర్తే. అయితే పేరు ఒకటే అయినంత మాత్రాన కొలత ఒకటి కాదు. మద్రాసు రాజధానిలో మణుగు అంటే 8 వీశలు, అంటే 25 పౌనులు, సుమారు 11 కిలోలు. రైల్వే వారి మణుగు 82 పౌనుల పైన, అంటే 37 కిలోల పైచిలుకు. వర్తకుడు "నూరు మణుగులు" అని ఉత్తరం రాస్తే ఏ మణుగో తెలియకుండా ధర కట్టడం ఎవరి తరం?

డబ్బు సంగతి కూడా అంతే. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా రూపాయి వేరు, బ్రిటిష్ ఇండియా రూపాయి వేరు. దీన్ని అక్కడివారు కల్దార్ అనేవారు. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. రెండూ రూపాయలే, రెండింటికీ పదహారణాలే. అందువల్ల హైదరాబాదు పాత కాగితాలలో మొత్తం రాసినప్పుడు అది ఏ రూపాయో కూడా గుర్తు వేసేవారు. ఆ గుర్తు లేని మొత్తం అసలు మొత్తమే కాదు. ఆనాటి ముహరీర్లు చేసిన ఆ పనినే నేటి కంప్యూటరు శాస్త్రజ్ఞులు పెద్ద సిద్ధాంతంగా చేశారని ముందు ముందు చూస్తారు.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఈ గందరగోళాన్ని తొలగించడానికి పూనుకున్నది. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 100 నయాపైసలు అయ్యాయి. అప్పుడు నాకు ఏడేళ్ళు. అణాకు 6 నయాపైసలని పట్టిక వేశారు. బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25. అణా చొప్పున నాలుగుసార్లు కొంటే 24, ఒక్కసారే పావలాకు కొంటే 25. ఆ ఒక్క పైసా కోసం కొట్టు దగ్గర పిల్లలం చేసిన వాదనలు ఇప్పటికీ జ్ఞాపకం. 1964 జూన్ 1 నుండి "నయా" అనే మాట తీసివేశారు. తూనికలు కొలతలకు 1956లో చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుండి దశలవారీగా మెట్రిక్ తూకాలు ప్రవేశపెట్టి, 1962 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి చేశారు. కిలో, లీటరు, మీటరు స్థిరపడ్డాయి. కానీ పొలం మాత్రం ఎకరాలలోనే, ఇంటి స్థలం గజాలలోనే, బంగారం తులాలలోనే మన నోట మిగిలిపోయాయి. చట్టం మారినా నోరు త్వరగా మారదు. ఆ రెంటి మధ్య సందులోనే తప్పు దూరుతుంది.

ఆకాశంలో ఆగిన విమానం

సరిగ్గా అటువంటి సందులోనే 1983లో కెనడాలో ఒక సంఘటన జరిగింది. ఆ దేశం అప్పుడు పౌనుల నుండి కిలోలకు మారుతున్నది. ఎయిర్ కెనడా సంస్థకు కొత్తగా వచ్చిన బోయింగ్ 767 విమానాలలో ఇంధనం లెక్క కిలోలలో. అంతకు ముందున్న విమానాలన్నిటిలో పౌనులలో.

1983 జూలై 23న 143 నంబరు విమానం మాంట్రియల్ నుండి ఒటావా మీదుగా ఎడ్మంటన్ వెళ్ళవలసి ఉంది. ఇంధనం చూపే మీటరు చెడిపోయింది. అందువల్ల ట్యాంకులో కొలకర్ర ముంచి చూశారు. 7,682 లీటర్లు ఉంది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటర్లను కిలోలుగా మార్చాలి. విమాన ఇంధనం లీటరు సుమారు 0.8 కిలో తూగుతుంది. కానీ అక్కడివారికి అలవాటైన సంఖ్య 1.77. అది లీటరుకు పౌనుల లెక్క. కాగితం మీద 1.77 అని మాత్రమే ఉంది, ఏ తూకమో వారి మనసుకు తట్టలేదు.

లెక్క ఇలా సాగింది. 7,682ను 1.77తో గుణిస్తే 13,597. దాన్ని కిలోలు అనుకున్నారు. నిజానికి అవి పౌనులు. 22,300లో నుండి అది తీసివేస్తే 8,703. దానిని మళ్ళీ 1.77తో భాగించి, 4,900 లీటర్ల పైచిలుకు పోయించారు. నిజంగా పోయించవలసింది 20,000 లీటర్ల పైచిలుకు. ఒటావాలో మళ్ళీ కర్ర ముంచి చూశారు. మళ్ళీ అదే 1.77తో గుణించారు. సరిపోయిందన్నారు. తప్పు పద్ధతితో రెండుసార్లు సరిచూసినా తప్పే సరి అవుతుంది. నేను ఫెసిట్ యంత్రం మీద రెండుసార్లు కూడి సంతోషించినట్లే.

22,300 కిలోలకు బదులు 22,300 పౌనులతో, అంటే సగం కన్నా తక్కువ ఇంధనంతో విమానం లేచింది. ప్రయాణం మధ్యలో ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. లోపల 69 మంది ఉన్నారు. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అనుభవం ఉండడం, సహ పైలట్ మారిస్ క్వింటాల్‌కు దగ్గరలో గిమ్లీ అనే ఊళ్ళో పాత వైమానిక స్థావరం ఉందని తెలిసి ఉండడం వారి అదృష్టం. ఆ పాత రన్‌వే మీద ఆ రోజు కార్ల పందేలు జరుగుతున్నాయి. అయినా అక్కడే దింపారు. ముందు చక్రం ముడుచుకుపోయి, ముక్కు నేల రాసుకుంటూ విమానం ఆగింది. ఒక్క ప్రాణం పోలేదు.

తరువాత విచారణ జరిగింది. అందులో బయటపడిన ఒక విషయం మనవంటి ఆఫీసు వారికి బాగా అర్థమవుతుంది. పాత విమానాలలో మూడో వ్యక్తి, ఫ్లైట్ ఇంజనీరు, ఇంధనం లెక్క చూసేవాడు. 767లో ఆ సీటు తీసివేశారు. ఆ సీటు పని ఇకపై ఎవరు చేయాలో మాత్రం స్పష్టంగా ఉత్తర్వు లేదు. సీటు రద్దయినా పని రద్దు కాదు కదా!

అంగారకుడి దగ్గర పోయిన నౌక

రెండో సంఘటన ఇంకా పెద్దది. అమెరికా వారి నాసా సంస్థ 1998 డిసెంబరు 11న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను అంగారక గ్రహానికి పంపింది. ఆ గ్రహం చుట్టూ తిరుగుతూ అక్కడి వాతావరణాన్ని పరిశీలించడం దాని పని. తొమ్మిది నెలలకు పైగా ప్రయాణం. 1999 సెప్టెంబరు 23న అది గ్రహం వెనుకకు వెళ్ళింది. లెక్క ప్రకారం మరుగు కావలసిన సమయానికి 49 సెకన్లు ముందే మరుగైంది. మళ్ళీ ఇవతలకు రాలేదు.

ఏం జరిగింది? ప్రయాణంలో నౌక నిలకడ కోసం అప్పుడప్పుడు చిన్న రాకెట్లు పేలుస్తారు. ప్రతిసారి దారి కొంచెం తప్పుతుంది. ఆ కొంచెం ఎంతో లెక్కించి ఒక ఫైలులో పెట్టే ప్రోగ్రాము నౌకను తయారు చేసిన లాక్‌హీడ్ మార్టిన్ సంస్థ వారిది. ఆ ఫైలు తీసుకుని దారి గణించేవారు నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వారు. ఒప్పందం ప్రకారం ఫైలులోని సంఖ్యలు మెట్రిక్ పద్ధతిలో, అంటే న్యూటన్–సెకన్లలో ఉండాలి. కానీ ప్రోగ్రాము పౌను–సెకన్లలో వేసింది. ఒక పౌను బలం అంటే సుమారు 4.45 న్యూటన్లు. అందువల్ల రాకెట్లు ఇచ్చిన తోపుడు ఉన్నదాని కంటే నాలుగున్నర రెట్లు తక్కువగా కనిపించింది. అవతలివారు నమ్మి లెక్క కట్టారు. ఒక్కొక్కసారి జరిగిన తేడా చాలా చిన్నది. తొమ్మిది నెలలు పోగయ్యేసరికి పెద్దదైంది. గ్రహానికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున పోవాలనుకున్న నౌక 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది. 80 కిలోమీటర్ల కంటే దిగువకు పోతే ఆ వాతావరణపు ఒరిపిడికి అది నిలవదు.

విచారణ సంఘం 1999 నవంబరులో నివేదిక ఇచ్చింది. మూలకారణం మెట్రిక్ కొలతలు వాడకపోవడమే అని తేల్చింది. ఇంకొక మాట కూడా చెప్పింది. దారి గణించేవారిలో కొందరికి లెక్కలు పొంతన కుదరడం లేదని ముందే అనుమానం వచ్చింది. కాని దాన్ని నియమిత పద్ధతిలో నమోదు చేసి పై వరకు నడిపించలేదు. అటూ ఇటూ ఈమెయిళ్ళతో సరిపెట్టారు. మన భాషలో చెప్పాలంటే ఫైలు మీద నోట్ పెట్టలేదు. నోటిమాటగా చెప్పిన అభ్యంతరానికి ఆయుష్షు ఎంతో నోట్ ఫైళ్ళ మధ్య బతికిన మనకు వేరే చెప్పనవసరం లేదు. మనుషులు పొరపాట్లు చేయడం సహజమే, ఆ పొరపాటును పట్టుకోవలసిన తనిఖీలు విఫలం కావడమే అసలు సమస్య అన్న అర్థంలో అప్పట్లో నాసా ఉన్నతాధికారి ఎడ్వర్డ్ వీలర్ చెప్పారు.

యంత్రానికి ఆ ప్రశ్న నేర్పిన కథ

ఇక్కడ నాకొక సందేహం కలిగింది. అంత పెద్ద కంప్యూటర్లు ఉన్నాయి గదా, పౌనునూ న్యూటన్‌నూ కలుపుతుంటే అవి ఎందుకు అడ్డు చెప్పలేదు? మా మనుమరాలు బెంగుళూరులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తున్నది. సెలవులకు వచ్చినప్పుడు ఆమెను కూర్చోబెట్టి అడిగాను. ఆమె చెప్పినదీ, తరువాత నేను చదివినదీ కలిపి నాకు అర్థమైనట్లు చెబుతాను.

విజ్ఞాన శాస్త్రంలో ఈ నియమం పాతదే. ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫోరియర్ 1822లో వేడిమి గురించి రాసిన గ్రంథంలో, సమీకరణంలో కూడే పదాలన్నీ ఒకే జాతివి కావాలని చూపించాడు. పొడవును పొడవుతో కూడవచ్చు, కాలాన్ని కాలంతో కూడవచ్చు, పొడవును కాలంతో కూడరాదు. తరువాత మాక్స్‌వెల్ పొడవు, ద్రవ్యరాశి, కాలం అనే మూడింటితో మిగతా కొలతలను గుర్తించే పద్ధతిని స్థిరపరిచాడు. మన హైస్కూలు సైన్సు మాస్టార్లు జవాబు పక్కన ప్రమాణం రాయకపోతే అర మార్కు కోసేవారు గదా, ఆ అర మార్కు వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

కంప్యూటరుకు మాత్రం ఈ మాస్టారు దొరకలేదు. 1957లో ఐ.బి.ఎం. సంస్థ వారు ఫోర్‌ట్రాన్ అనే భాషను తెచ్చినప్పుడు అది సంఖ్యలను రెండు తరగతులుగా చూసింది. పూర్ణాంకాలు, దశాంశాలు. ఐ నుండి ఎన్ వరకు ఉన్న ఇంగ్లీషు అక్షరాలతో పేరు మొదలైతే పూర్ణాంకం, తక్కినవి దశాంశం. అంతే. అది ఎకరమా, గుంటా, పౌనా, కిలోనా అన్న ప్రశ్న లేదు. ఈ తరగతులనే వారు టైపులు అంటారు. మన ట్రెజరీలో పద్దులు ఉన్నట్లు అనుకోండి. జీతాల పద్దు కింద రావలసిన ఖర్చును భవనాల పద్దు కింద వేస్తే బిల్లు తిరిగి వస్తుంది. అలాగే ఒక తరగతి వస్తువు ఉండవలసిన చోట వేరొక తరగతి వస్తువు పెడితే, ప్రోగ్రాము నడవడానికి ముందే కంప్యూటరు తిప్పి పంపేటట్లు చేయవచ్చు. ఇందులో ముఖ్యమైన మాట "ముందే" అన్నది. హైదరాబాదు పే అండ్ అకౌంట్స్ ఆఫీసులో బిల్లు పాసు కావడానికి ముందే ఆడిట్ జరిగేది. డబ్బు చెల్లించిన రెండేళ్ళకు వచ్చే ఆడిట్ అభ్యంతరానికీ దానికీ ఎంత తేడానో మనకు అనుభవమే.

మరి కొలతలను కూడా పద్దులుగా ఎందుకు పెట్టకూడదు? 1978లో, అంటే నేను గుంటలను సెంట్లుగా కూడిన ఏడాదే, మైకేల్ కార్, డేవిడ్ లవ్‌మన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ప్రోగ్రామింగు భాషలలో కొలమానాలను చేర్చే విధానం గురించి వ్యాసం ప్రకటించారు. ఆలోచన బాగుంది గాని అమలు కష్టం. కూడిక, తీసివేత అయితే సులభం. రెండు వైపులా ఒకే కొలత ఉందా లేదా అని చూస్తే చాలు. గుణకారంలో కొత్త కొలత పుడుతుంది. గజాన్ని గజంతో గుణిస్తే గజం రాదు, చదరపు గజం వస్తుంది. కిలోమీటర్లను గంటలతో భాగిస్తే వేగం వస్తుంది. దాన్ని మళ్ళీ గంటలతో గుణిస్తే గంటలు కొట్టుకుపోయి కిలోమీటర్లు మిగులుతాయి. ఈ బీజగణితమంతా యంత్రం తనంతట తానే చేసుకోవాలి. ప్రోగ్రాము రాసేవాడు ప్రతి చోటా వివరం రాయకపోయినా మిగిలినది ఊహించగలగాలి.

ఈ చిక్కును శ్రద్ధగా విడదీసినవారిలో ఆండ్రూ కెన్నెడీ ఒకరు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1996లో ఈ విషయం మీదనే ఆయన డాక్టరేటు పొందారు. తరువాత మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో చేరారు. అక్కడ డాన్ సైమ్ రూపొందించిన ఎఫ్ షార్ప్ అనే భాషలో ఈ పద్ధతిని చేర్చారు. 2010 నాటికి అది సాధారణ ప్రోగ్రామర్ల చేతికి వచ్చింది. ఆ భాషలో అంకె పక్కన కోణపు గుర్తుల మధ్య కొలమానం పేరు రాస్తారు. మీటర్లనూ అడుగులనూ కలిపితే, ప్రోగ్రాము తయారయ్యే దశలోనే యంత్రం ఎర్ర గీత గీసి చూపిస్తుంది. కలపాలంటే ఎన్ని అడుగులకు ఒక మీటరో మీరే స్పష్టంగా రాయాలి. సి ప్లస్ ప్లస్ వంటి ఇతర భాషలలో కూడా ఇటువంటి ఏర్పాట్లు వచ్చాయి.

ఇందులో నన్ను ఆశ్చర్యపరచిన విషయం ఒకటుంది. తనిఖీ పూర్తయిన తరువాత ఎఫ్ షార్ప్ ఆ కొలమానాల పేర్లన్నిటినీ తుడిచివేస్తుంది. నడిచే ప్రోగ్రాములో వట్టి అంకెలే ఉంటాయి. అందువల్ల వేగం ఏమాత్రం తగ్గదు. స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగు విప్పివేసినట్లు.

యంత్రం చేయలేనిది

ఇంత చెప్పినా, ఇది అన్ని రోగాలకూ మందు కాదు. ఆ సంగతి కూడా చెప్పకపోతే వ్యాసం సగమే.

మొదటిది, అంకె ఒక ప్రోగ్రాము నుండి బయటపడి ఫైలులో చేరి వేరే ప్రోగ్రాముకు పోయినప్పుడు దాని పక్కనున్న పేరు వెంట పోదు, మనం రాస్తే తప్ప. అంగారక నౌక విషయంలో తప్పు జరిగింది సరిగ్గా అక్కడే. ఇవతలి ఆఫీసుకూ అవతలి ఆఫీసుకూ మధ్య, తపాలాలో. ఎంత గొప్ప భాషలో రాసినా, ఫైలులో వట్టి అంకె పంపితే ప్రయోజనం లేదు.

రెండవది, మొదట పేరు పెట్టేది మనిషే. గుంటలను చూసి సెంట్లని రాస్తే యంత్రం నమ్ముతుంది. తరువాత లెక్కంతా నిక్కచ్చిగా, తప్పుగా చేస్తుంది.

మూడవది, కొలమానం ఒకటే అయినా అర్థం వేరుగా ఉండవచ్చు. తేదీల సంగతే చూడండి. రిటైరైన తేదీలో నుండి చేరిన తేదీ తీసివేస్తే సర్వీసు వస్తుంది. పుట్టిన తేదీకి 58 ఏళ్ళు చేర్చితే మా కాలపు పదవీ విరమణ తేదీ వచ్చేది. కాని ఒక తేదీకి మరొక తేదీని కూడితే ఏమొస్తుంది? ఏమీ రాదు. తేదీ వేరు, కాలవ్యవధి వేరు. రెండింటినీ రోజులలోనే లెక్కపెట్టినా అవి ఒకే పద్దు కావు. ఈ తేడాను కూడా వేరే టైపులుగా రాసుకోవచ్చునని, అయితే రాసేవాడికి ఆ తేడా ముందు తట్టాలని మా మనుమరాలు చెప్పింది.

మన కాగితాల మాట

ఇదంతా అంగారకుడి సంగతి, మనకెందుకు అనుకోవద్దు. మా వీధిలో ఉండే ఒక విశ్రాంత ఉద్యోగికి జరిగినది చెబుతాను. మన పాత పెన్షను నియమాలలో సర్వీసును ఏళ్ళలో కాక అర్ధ సంవత్సరాలలో లెక్కిస్తారని మీకు తెలుసు. 33 ఏళ్ళ పూర్తి సర్వీసుకు 66 అర్ధ సంవత్సరాలు. ఆయనకు 30 ఏళ్ళు. కాగితంలో 60 అని ఉండవలసిన చోట ఎవరో 30 అని ఎక్కించారు. 66కు 60 రావలసిన పెన్షను 66కు 30 లెక్కన వచ్చింది. అంటే సరిగ్గా సగం. 30 అనేది తప్పు అంకె కాదు. ఆయన చేసిన సర్వీసు నిజంగా 30 ఏళ్ళే. కనుక చూసినవారందరికీ అది సరిగానే కనిపించింది. సరిదిద్దించుకోవడానికి ఆయనకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఆ ఇంట్లో మందులు ఎలా కొన్నారో నాకు తెలుసు. పోగొట్టుకున్నది నౌక కాకపోవచ్చు. ఆ ఇంటికి అది నౌకే.

అందుకే నా మనవి ఒక్కటి. పెన్షను కాగితం గాని, కుటుంబ పెన్షను కాగితం గాని, భూమి పాసు పుస్తకం గాని, డాక్టరు రాసిన మందు చీటీ గాని చేతికి వచ్చినప్పుడు అంకెతో పాటు ఆ గడి పైన రాసిన మాట కూడా చదవండి. ఏళ్ళా, అర్ధ సంవత్సరాలా? సెంట్లా, గుంటలా? మిల్లీగ్రాములా, మిల్లీలీటర్లా? గడి పైన ఏ మాటా లేకపోతే మొహమాటపడకుండా అడగండి. మీకు ఓపిక లేకపోతే పిల్లల చేత అడిగించండి. అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అంగారక నౌక పోయిన రోజుకు పదిహేనేళ్ళ మీద ఒక రోజు గడిచాక, 2014 సెప్టెంబరు 24న, శ్రీహరికోట నుండి వెళ్ళిన మన మంగళయాన్ మొదటి ప్రయత్నంలోనే అంగారకుడి కక్ష్యలో ప్రవేశించింది. ఆ ఉదయం టీవీ ముందు కూర్చుని నేను కూడా చప్పట్లు కొట్టాను. ఆ క్షణంలో నాకు గుర్తుకు వచ్చింది మా సూపరింటెండెంటు గారు. ఆయన ఇప్పుడు లేరు. కంప్యూటరు ముందు ఎన్నడూ కూర్చోలేదు. శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి శ్రమించి యంత్రానికి నేర్పిన ప్రశ్నను ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని ఒక్క మాటలో అడిగారు. ఆ రోజు ఆయన నా మీద కోప్పడలేదు. స్టేట్‌మెంటు తిరిగి ఇచ్చి, "గడి మీద గుంటలని రాసి, మళ్ళా కూడు" అన్నారు. అప్పటి నుండి నా సర్వీసులో నేను గీసిన ప్రతి పట్టికలోనూ ముందు గడి పైన మాట రాశాను, ఆ తరువాతే అంకె వేశాను.

సెలవు.